ర్యాక్ దిగని ధర

ఏడాదిలో ఒక్కరోజు మాణిక్యాంబ గారి జోలికి ఎవరూ పోరు. అది ఆవకాయ పెట్టే రోజు. ఆ రోజు మొగుడు సూర్యారావు గారు కూడా దగ్గొస్తే వీధిలోకి వెళ్లి దగ్గి వస్తారు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పాలకొల్లు కాలేజీ రోడ్డులో ఆవిడ మెస్సు నడుపుతుంది. బ్యాంకు గుమాస్తాలు, లెక్చరర్లు, మందుల కంపెనీల కుర్రాళ్లు అక్కడే తింటారు. పప్పు పలచబడితే సర్దుకుంటారు. సాంబారులో ములక్కాడ కోసం గాలం వెయ్యాల్సి వచ్చినా నవ్వేసి ఊరుకుంటారు. ఆవకాయ మాత్రం బావుండకపోతే మర్నాటికల్లా ఎదుటి వీధి మెస్సులో తేల్తారు. రెండేళ్ల కిందట ముక్క మెత్తబడితే నిజంగానే సగంమంది తేలారు. వాళ్లని మళ్లీ వెనక్కి తెచ్చుకునేసరికి ఆవిడకి తలప్రాణం తోకకొచ్చింది. ఇంకోసారి అలా జరిగితే మెస్సుకి తాళం వేసుకుని కూచోవడమే.

ఆ బుధవారం పొద్దున్నే కాయలు కొట్టించుకొచ్చింది. ముక్కలు శుభ్రంగా తుడిచి, పాత నేతచీర మీద ఫ్యాను కింద పరిచింది. ఆవపిండి, కారం, ఉప్పు కలిపిన గుండ బేసిన్లో పెట్టింది. ఇక నూనె ఒక్కటే తక్కువ. ఏటా గానుగ పోలయ్య దగ్గరే తెచ్చుకునేది. ఈ ఏడు ఏం బుద్ధి పుట్టిందో, పేపర్లో పెట్టొచ్చిన రంగుల కాగితం చూసింది. ఊళ్లో కొత్తగా తెరిచిన మహదానంద మార్ట్ వారి కాగితం అది. నువ్వుల నూనె లీటరు నాలుగు వందల ఇరవై నుంచి రెండు వందల యాభైకి దిగిందట. కింద అరచేతి మందాన అక్షరాలు: "చెప్పిన ధర చెక్కుచెదరదు!"

"ఈసారి పోలయ్యకి చెప్పకండి," అంది మొగుడితో. పోలయ్య కూడా ఎవరూ చెప్పకుండానే గానుగకి తాళం వేసి, మేనల్లుడి పెళ్లికి అన్నవరం వెళ్లిపోయాడు.

సాయంత్రంలోపు నూనె తగలకపోతే ముక్కకి నీరు పడుతుంది. నీరు పట్టిన ముక్క ఏడాది నిలవదు. ఆ కంగారుతోనే మాణిక్యాంబ మార్ట్‌కి వెళ్లి, ఏడో నంబరు ర్యాక్‌లోంచి పది ప్యాకెట్లు బుట్టలో వేసుకుని కౌంటరు దగ్గర నిలబడింది.

"నాలుగు వేల రెండొందలండీ," అంది కౌంటర్లో ఉన్న భవాని.

"రెండున్నర వేలు కదమ్మా?"

"సిస్టమ్‌లో ఇలాగే వస్తోందండీ."

"మీ సిస్టమ్ పేపరు చదవదా?"

భవానికి నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి ఉద్యోగంలో అనుమతి లేదు. గంట నొక్కింది. లోపల్నుంచి మెడలో ఎర్ర తాడు, తాడుకి కార్డు, కార్డు మీద "కస్టమర్ ఆనందాధికారి" అని రాసి ఉన్న దినకర్ అనే యువకుడు వచ్చాడు.

"మేడమ్, ముందుగా మీ అసంతృప్తిని మా సంస్థ తరఫున హృదయపూర్వకంగా స్వీకరిస్తున్నాను," అన్నాడు.

"స్వీకరించి ఎక్కడ పెట్టుకుంటావ్ నాయనా? రేటు తగ్గించు, చాలు."

"దయచేసి ఏడో నంబరు ర్యాక్ వరకు నాతో రండి."

వెళ్లారు. ర్యాక్ అంచున పసుపుపచ్చ చీటీ మెరిసిపోతోంది: రెండు వందల యాభై.

"ఇందాక మీరు సరుకు తీసినప్పుడు ఇక్కడ ఎంతుంది?"

"రెండు యాభై."

"ఇప్పుడు ఎంతుంది?"

"రెండు యాభై."

"మరి ధర చెదిరిందా మేడమ్? చెదరలేదు. చెదిరింది సరుకు. సంస్థ ఈ ధర ఇచ్చింది ర్యాక్‌లో ఉన్న సరుకుకి. ఆ మాట మీద ప్రాణం పోయినా నిలబడతాం. ర్యాక్ దిగిన సరుకు మా మాట దాటి పోయినట్టు. దానికి ఎమ్మార్పీ పడుతుంది." చాలా వినయంగా చెప్పాడు దినకర్. చంటిపిల్లకి మందు పట్టేవాళ్లకి కూడా అంత వినయం ఉండదు.

"ఇప్పటిదాకా ఈ రేటుకి ఎవరైనా కొన్నారా?"

"ఒక్కరూ లేరు మేడమ్," అన్నాడతను గర్వంగా. "అందుకే ఇంత స్థిరంగా ఉంది."

ఇంకో రోజైతే ఆ కుర్రాడికి ఏడు తరాల చరిత్ర వినిపించి ఉండేది. తిట్లన్నీ నోటి చివర్న వరస కట్టి నిలబడ్డాయి. కానీ ఇంట్లో ముక్కలు ఫ్యాను కింద ఎదురుచూస్తున్నాయి. మాణిక్యాంబ కోపాన్ని దిగమింగి, ర్యాక్ వంక తేరిపారా చూసింది. నిలువెత్తు ర్యాక్. నడుం ఎత్తున అర వెడల్పుగా, గచ్చులా గట్టిగా ఉంది. పైన ఏసీ చల్లగా వీస్తోంది.

"సరేనయ్యా. ప్యాకెట్లు ర్యాక్‌లోనే పెట్టేస్తాను. బిల్లు మిషను ఇక్కడికి తెచ్చి, ఇక్కడే కొట్టు. అప్పుడు రెండు యాభైయేనా?"

ఇలాంటి ప్రశ్న దినకర్‌ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. హెడ్డాఫీసుకి ఫోను చేశాడు. అటునుంచి చాలాసేపు ఏదో వినిపించింది. ఇతను చాలాసేపు "ఆయ్, ఆయ్" అన్నాడు.

"కుదురుతుంది మేడమ్. మీరు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. తీసుకెళ్లడానికి మాత్రం వీల్లేదు."

"కొన్నాక నూనె నాదేనా?"

"ముమ్మాటికీ మీదే. ర్యాక్‌లో ఉన్నంతసేపూ."

"ర్యాక్‌లో ఉండగా నా నూనె నేను వాడుకుంటే ఏమైనా అంటారా?"

మళ్లీ ఫోను. మళ్లీ ఆయ్, ఆయ్. "వాడకంపై నిషేధమేమీ అమల్లో లేదు మేడమ్. వినియోగదారుడి వినియోగాన్ని సంస్థ ఎప్పుడూ ప్రోత్సహిస్తుంది."

మాణిక్యాంబ ప్యాకెట్లు మళ్లీ ర్యాక్‌లో పెట్టి, అక్కడే బిల్లు కొట్టించి, రెండున్నర వేలు కట్టింది. కొంగు బిగించి, సెల్లు తీసింది. "ఏవండీ! ముక్కలు చీరతో సహా మూటకట్టండి. గుండ బేసిను, ఖాళీ బేసిను, పెద్ద జాడీ ఆటోలో వేసుకుని మార్ట్‌కి వచ్చెయ్యండి. ఎందుకా? ఆవకాయ ఇక్కడే పెడతన్నాను. అదేంటో అవన్నీ తరవాత. జాడీకి తడి తగిలిందో, మీ సంగతి చెప్తాను!"

సూర్యారావు గారు కారణం అడగలేదు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే. అరగంటలో సామానుతో దిగారు.

నూనె పక్కనున్న సబ్బులన్నీ ఆవిడ అవతలి అరలోకి నెట్టించింది. "వాసన పట్టుద్ది" అంది. పొడిగుడ్డతో అర తుడిచి, బేసిన్లు, జాడీ అందులో సర్దింది. ప్యాకెట్ మూల కత్తిరించి నూనె బేసిన్లోకి ఒంపబోతుంటే, దినకర్ కొలత టేపు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, మేడమ్! ప్యాకెట్ మూల ర్యాక్ అంచు దాటుతోంది. కొంచెం లోపలికి..."

"ఇదిగో, వంగాను. ఇంకా వంగితే నేనే అరలో పడతాను."

"మీరు పడినా ఫర్వాలేదు మేడమ్. మీకు ఆఫర్ లేదు."

ఆవిడ భుజాల దాకా అరలోకి దూరి, ముక్కని నూనెలో ముంచి, గుండలో దొర్లించి, జాడీలో వేసింది. మళ్లీ ముక్క, మళ్లీ నూనె. ఘాటు ఏసీ గాలిలో కలిసి దుకాణం అంతా తిరిగింది. మూడో ర్యాక్ దగ్గర తుమ్ములు, పదో ర్యాక్ దగ్గర నోట్లో నీళ్లు. జనం మూగారు. ఒకావిడ "మెంతులు వేశారా పిన్నిగారూ?" అని అడిగింది. ఇంకొకావిడ "మా అత్తగారు వెల్లుల్లి కూడా వేసేవారు" అంటూ లేనిపోని చర్చ లేవదీసింది. వీళ్లలో ఎవరూ అంచు దాటకుండా దినకర్ చేతులు అడ్డంపెట్టి నిలబడ్డాడు.

చివరికి జాడీ నిండింది. పైన నూనె తేలింది. మాణిక్యాంబ తెల్లటి గుడ్డతో వాసెన కట్టి, నుదుటి చెమట తుడుచుకుంది. సాయంత్రానికి ఇంకా పొద్దుంది. ముక్క బతికింది.

"అభినందనలు మేడమ్," అన్నాడు దినకర్. "అయితే ఒక్క విషయం విన్నవించుకోవాలి. నూనె ఇప్పుడు ఆవకాయలో ఉంది. ఆవకాయ జాడీలో ఉంది. జాడీ గనక ర్యాక్ దిగితే, అందులో ఉన్న నూనె కూడా దిగినట్టే. తేడా సొమ్ము కట్టాల్సి ఉంటుంది."

"దించమని ఎవరన్నారు? మూడోనాడు తిరగకలిపేదాకా కొత్తావకాయ కదపకూడదు. అందాకా ఆ జాడీ మీద ఎవడైనా చెయ్యి వేశాడో, ఆవకాయకి బూజు, వాడికి నేను!"

ఆ మాట విని దినకర్ రెండడుగులు వెనక్కి వేశాడు. కంపెనీ రూలు ఒకపక్క, మూడోనాటి ఆచారం ఒకపక్క. రెండింట్లో దేన్నీ కదిపే అధికారం అతనికి లేదు.

ఇంటికెళ్లాక మాత్రం మాణిక్యాంబకి బెంగ పట్టుకుంది. ఏడాది ఆవకాయ ఎవరి దుకాణంలోనో సబ్బుల పక్కన పడుకుంది. పెట్టినంత తేలిగ్గా తెచ్చుకోవడం కుదురుతుందా? అడ్డం తిరిగితే ఏం పెట్టి బతకాలి? ఆ రాత్రి ఆవిడ మెస్సులో ఎవరినీ కసరలేదు. దాంతో తినేవాళ్లకి భయం వేసి, అడక్కుండానే ఎవరి కంచాలు వాళ్లే తీసుకున్నారు.

గురువారానికి ఊరంతా తెలిసిపోయింది. ఆడవాళ్లు జాడీలతో దిగారు. ఏడో ర్యాక్ నిండి, ఎనిమిదో ర్యాక్‌లోని చీపుళ్లు ఖాళీ చేయించారు. ఇది చూసి మగవాళ్లకీ ధైర్యం వచ్చింది. రిటైరైన తాసిల్దారుగారు ఆఫర్లో షేవింగ్ క్రీము కొని, గెడ్డం అరలో ఆనించి గీసుకున్నారు. తలనూనె కొన్నాయన మెడదాకా దూరి తల అంటించుకున్నాడు. ఎల్లయ్యసెట్టి గారు ఆఫర్ బిస్కెట్లు తల లోపల పెట్టి తిని, మూతి తుడుచుకుని బయల్దేరబోతే దినకర్ అడ్డం పడ్డాడు.

"సార్, బిస్కెట్ మీతోపాటు ర్యాక్ దిగుతోంది."

"కడుపులో ఉంది కదయ్యా!"

"ఎక్కడున్నా సంస్థ దృష్టిలో అది బిస్కెట్టే సార్."

విషయం హెడ్డాఫీసు దాకా వెళ్లింది. వాళ్లు బాగా ఆలోచించి లిఖితపూర్వకంగా తేల్చారు: తిన్న సరుకు అరిగేవరకు సరుకుగానే పరిగణింపబడును; అరిగిన పిదప సంస్థకు దానితో సంబంధం లేదు. అరిగిందాకా వినియోగదారుడు ర్యాక్‌లో తల ఉంచి సహకరించవలెను, లేదా ఎమ్మార్పీ చెల్లించవలెను. సెట్టిగారు ఎమ్మార్పీ అన్న మాట వినగానే తల లోపల పెట్టేశారు. దినకర్ పాపం స్టూలు తెచ్చి వేశాడు. మధ్యాహ్నం ఇంటినుంచి క్యారేజీ వచ్చింది. అది తిన్నాక బిస్కెట్ అరగడం ఇంకా ఆలస్యమైంది. మర్నాటికీ సెట్టిగారు అక్కడే ఉన్నారు.

శుక్రవారం మూడోనాడు. మాణిక్యాంబ తలంటు పోసుకుని, పొడి గరిటె, ఓ గిన్నెడు వేడన్నం తీసుకుని మొగుడితో సహా మార్ట్‌కి వచ్చింది. కొత్తావకాయ తిరగకలిపిన రోజున మొదటి ముద్ద అక్కడే కలిపి రుచి చూడటం ఆవిడ అలవాటు. గుమ్మంలో కారు ఆగి ఉంది. విజయవాడ నుంచి ప్రాంతీయ ధరల పరిరక్షణాధికారి ఫణిభూషణ్ గారు దిగబడ్డారు. కోటు, టై, చేతిలో రుమాలు. ఏడో ర్యాక్ ముందు నిలబడి, యుద్ధంలో గెలిచిన కోట చూస్తున్నట్టు చూస్తున్నారు.

"అద్భుతం," అన్నాడాయన. "మన ధరలపై ప్రజల్లో ఇంత విశ్వాసం నేనెక్కడా చూడలేదు. కానీ దినకర్, ఈ జాడీలకి చీటీలు ఎందుకు లేవు?"

"అవి కస్టమర్లవి సార్."

"ర్యాక్‌లో ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి సార్."

"ర్యాక్‌లో ఉన్న ప్రతి వస్తువూ సంస్థ సరుకే. చీటీ లేని సరుకు సంస్థ ప్రతిష్ఠకి మచ్చ. వెంటనే అంటించు. ఇంటి ఆవకాయ, ఆఫర్ ధర, కిలో రెండు వందలు."

దినకర్ జాడీల ముందు ర్యాక్ అంచున పసుపుపచ్చ చీటీ అంటించాడు. మాణిక్యాంబ జాడీకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఏంటండీ ఇది? కాయ నాది, కారం నాది, నూనె మీ దగ్గర డబ్బిచ్చి కొన్నాను. నా జాడీకి మీ చీటీ ఏంటండీ!"

"అమ్మా, మీ భావోద్వేగాన్ని సంస్థ గౌరవిస్తుంది," అన్నాడు ఫణిభూషణ్. "మీ ఆవకాయ మీకు కావాలంటే అందరికన్నా ముందు మీకే అమ్ముతాం. ఆఫర్ ధరకే. ర్యాక్‌లోనే ఉంచుకోండి."

వెనక జాడీలవాళ్లంతా గొల్లుమన్నారు. మాణిక్యాంబకి ఏడుపొచ్చినంత పనైంది. ఎదుటి వీధి మెస్సు, అందులో పీటల మీద కూచున్న తన బ్యాంకు గుమాస్తాలు కళ్లముందు కనపడ్డారు. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే తడి తగులుతుంది. మూడోనాడు తిరగకలపాలి కాబట్టి ముందు ఆ పని చూసుకోవాలని, వాసెన విప్పి గరిటె అడుగుదాకా దింపి ఓ తిప్పు తిప్పింది.

ఎర్రటి ఊట పైకి లేచింది. వాసన లేచింది. అబ్బబ్బ, ఆ వాసన! తాసిల్దారు గారు గెడ్డం సగంలో ఆపేశారు. సెట్టిగారు ఇంకో ర్యాక్‌లోంచి "ఎవరిదమ్మా ఆ జాడీ?" అని కేకేశారు. ఫణిభూషణ్ గారి మాట మధ్యలో తెగిపోయింది. పొద్దున ఎనిమిదింటికి విజయవాడలో తిన్న ఇడ్లీలు ఆయనకి ఎప్పుడో అరిగిపోయాయి.

మాణిక్యాంబ అది కనిపెట్టింది. మెస్సు నడిపేవాళ్లకి ఆకలి మొహం చూస్తే చాలు. గిన్నెలో వేడన్నంలో ఊట వేసి, ముక్క పెట్టి, నిండా కలిపింది.

"బాబుగారూ, సరుకు మీదంటున్నారు కదా. మీ సరుకు మీరు రుచి చూడకపోతే ఎలాగండీ?"

"నాణ్యతా పరీక్ష అధికారి విధుల్లో భాగమే," అంటూ ఆయన ముద్ద అందుకున్నాడు. రెండోది అడిగి తీసుకున్నాడు. మూడోది అడక్కుండా తీసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు, ముక్కులో నీళ్లు, నుదుటిమీద చెమట. టై వదులు చేసుకుని గిన్నె ఊడ్చేశాడు. ముక్క టెంక దాకా చీకి, "అమ్మా!" అని వాళ్లమ్మని తలుచుకుని, రుమాలుతో మూతి తుడుచుకుంటూ ర్యాక్ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు.

"ఆగండాగండి," అంది మాణిక్యాంబ. "దినకర్ బాబూ! ఆఫర్ సరుకు ర్యాక్ దిగి వెళ్లిపోతోంది. చూడవేంటయ్యా?"

దినకర్ చూశాడు. చూడకపోతే ఉద్యోగం పోతుంది, చూస్తే కూడా పోతుంది. కానీ మూడు రోజులుగా టేపు పట్టుకుని వంగి వంగి అతని నడుం పడిపోయింది. గొంతు సవరించుకున్నాడు.

"సార్, క్షమించాలి. ఆవకాయ మీతోపాటు ర్యాక్ దిగింది. నిన్నటి హెడ్డాఫీసు నిర్ణయం ప్రకారం, అరిగేవరకు మీరు తల ర్యాక్‌లో ఉంచి సహకరించాలి. స్టూలు ఉంది సార్."

"ఆవకాయ ఎప్పటికి అరుగుతుందయ్యా?"

"కొత్తావకాయండీ," అంది మాణిక్యాంబ. "అలవాటు లేని పొట్టకి రేపటిదాకా పడుద్ది."

"లేదా ఎమ్మార్పీ చెల్లించవచ్చు సార్," అన్నాడు దినకర్.

"ఎంతది?"

"సరుకు మీద అచ్చు లేదు సార్. అచ్చు లేనప్పుడు తయారుచేసినవాళ్లు చెప్పిందే ఎమ్మార్పీ. తమరు రాసిన రూలే సార్."

అందరూ మాణిక్యాంబ వంక చూశారు. ఆవిడ తొందరపడలేదు. జాడీకి మళ్లీ శుభ్రంగా వాసెన కట్టింది. ముడి బిగించింది.

"డబ్బు పుచ్చుకుని అన్నం పెడతాను గానీ, మొదటి ముద్దకి డబ్బు పుచ్చుకునే అలవాటు మా ఇంట లేదు బాబుగారూ. నా ఆవకాయ ఎమ్మార్పీ ఏంటంటే, ఈ జాడీ మీ గుమ్మం దాటాలి. ఇదొక్కటే కాదు. ఈ రెండు ర్యాకుల్లో ఉన్న జాడీలన్నీ, ఎవరివి వాళ్లింటికి, పైసా తేడా లేకుండా దాటాలి. ఒప్పుకుంటే వెళ్లండి. లేదంటే అదిగో స్టూలు."

ఫణిభూషణ్ గారు స్టూలు చూశారు. పక్క ర్యాక్‌లో సెట్టిగారు ఆప్యాయంగా జరిగి చోటిచ్చారు. అధికారిగారు జేబులోంచి పెన్ను తీసి, "ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా అనుమతించడమైనది" అని రాసి సంతకం పెట్టారు. సంతకం మీద ఆవకాయ నూనె అంటింది. అది చెరగదు.

జాడీలు వరసగా గుమ్మం దాటాయి. ముందు సూర్యారావు గారు, చంటిబిడ్డని మోసినట్టు జాడీ గుండెలకి హత్తుకుని. వెనక మాణిక్యాంబ, "మెల్లిగా, మెల్లిగా, గడప చూసుకోండి" అంటూ. కౌంటర్లో భవాని ఈసారి అనుమతి లేకుండానే నవ్వింది. ఆ సాయంత్రం మెస్సులో వాసెన విప్పగానే బ్యాంకు గుమాస్తాలు అన్నం రెండోసారి వడ్డించుకున్నారు. ఎదుటి వీధి మెస్సాయన కూడా ఓ విస్తరి పట్టుకుని వచ్చాడని చెప్పుకుంటారు. ఆవిడ పెట్టిందనీ చెప్పుకుంటారు.

మహదానంద మార్ట్ ఏడో నంబరు ర్యాక్ ఇప్పుడు ఖాళీ. వెళ్లి చూడండి, అంచున పసుపుపచ్చ చీటీ ఇంకా ఉంది: ఇంటి ఆవకాయ, కిలో రెండు వందలు. పైన అరలో ఆవకాయ లేదు, ఆవగింజ కూడా లేదు. ధర మాత్రం చెక్కుచెదరలేదు.